ఐదో గ్లాసు

ఐదింటికల్లా వస్తానన్న మనిషి ఐదూ ఇరవై అయినా రాలేదు, ఎలా వస్తాడు, ఏనాడు చెప్పిన వేళకి వచ్చాడని, వైను ఫ్యాక్టరీలో ఉన్న రోజుల్లోనూ అంతే, కూలోళ్లంతా తొట్ల దగ్గర కాళ్లు పీక్కుపోయేలా నిలబడి ఉంటే వాడు పళ్లు కుట్టుకుంటూ నింపాదిగా వచ్చి చూపించిన చోటల్లా సంతకం పెట్టి పోయేవాడు, అందుకేగా జనం వాడి అసలు పేరు మర్చిపోయి సంతకం అన్నది. సంతకం వచ్చాడ్రా అనేవాళ్లు. సంతకానికి ఇవాళ ఇంట్లో పెళ్లాం చీవాట్లు పెట్టినట్టుందిరా అనేవాళ్లు. బల్ల మీద గాజు కూజాలో వైను ఉంది, పక్కన మూడు గ్లాసులు బోర్లించి ఉన్నాయి, ఆమె కుర్చీ అంచున కూర్చుని కూజాకేసి చూస్తోంది, పొయ్యి మీద పాలకి కాపలా కాస్తున్నట్టు, కాకపోతే పాలు పొంగుతాయి, ఇది పొంగదు, ఇది చస్తుంది. ముప్పై ఐదేళ్లు దాటిన వైను. ఈ ఇంటి మెట్ల కింద నేలమాళిగలో చీకట్లో పడుకోబెట్టిన ముప్పై ఆరు సీసాల్లో మిగిలిన ఆఖరిది. ఇంత ముసలిదానికి గాలి తగిలితే గంట, మహా అయితే రెండు గంటలు, ఆ తర్వాత వాసన పోతుంది, రుచి దిగిపోతుంది, ఆఖర్న పులుపొక్కటే మిగులుతుంది. పులుపు. ఆ మాట మీదేగా అంతా జరిగింది. సరుకు పులిసిపోయిందని సంతకం రాసిన కాయితం మీదే నలభై ఒక్కమంది కొంపలు కూలాయి. పులవలేదని వాడి నాలుకకే తెలియాలి, వాడి చేత తాగించాలి, తాగించి బాగుందని వాడి నోటితోనే అనిపించాలి, అన్నయ్య చెవిన పడేలా అనిపించాలి, ఇంతకంటే ఆమెకి ఇంకేం అక్కర్లేదు. వాడు ఊగుతూ ఊగుతూ వచ్చేసరికి ఇది నిజంగానే పులిసి ఊరుకుంటే? అప్పుడు గ్లాసు కింద పెట్టి, ఆ రోజే చెప్పానుగదమ్మా, అంటాడు. ఆ నవ్వు కూడా కనిపిస్తోంది ఆమెకి, ఒక పక్క పెదవి మాత్రమే కదిలే నవ్వు.

“వచ్చాడా?” ముందు గదిలోంచి అన్నయ్య.

“లేదు.”

“దారి తప్పాడేమోనే.”

“వాడా? మనందర్నీ రోడ్డున పడేసిందే వాడు, వాడికి తెలియని రోడ్డుందా.”

అన్నయ్య నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు తెమలడానికి చాలాసేపు పట్టింది, ఆమె కుర్చీలోంచి లేవబోయి ఆగింది. లేచి వెళితే వైను మీదనించి కళ్లు తీయాలి. కళ్లు తీస్తే ఏమవుతుంది, ఏమీ కాదు, అయినా తీయలేకపోతోంది. అసలు తప్పు వాడిది కాదు ఆ మాటకొస్తే. నాలుగింటికే కూజాలో పోసిందెవరు? ఆమే. ఫ్యాక్టరీ రుచి గదిలో గోడకి రేకు మీద రాసి ఉండేది, అధికారులు రావడానికి గంట ముందు సీసా కూజాలోకి వంచవలెను అని. అది కుర్ర వైనుకి. ఏడాది సరుకు, రెండేళ్ల సరుకు, పచ్చి కాయ కొరికినట్టు వగరుగా ఉంటుంది, గాలి తగిలితే కాస్త మెత్తబడుతుంది. ముసలిదానికి గాలి పడదు. ఇది ఆమెకి తెలియదా, ఏటా ఈ ఇంట్లో సీసా తీసినప్పుడు తీసింది తీసినట్టే గ్లాసుల్లో పోసుకుని తాగారు, ఏనాడూ కూజా జోలికి పోలేదు. మరి ఇవాళేం పొయ్యేకాలం వచ్చింది? అధికారి వస్తున్నాడు. అంతే. అధికారి అనగానే చేతులు వాటంతటవే పాత కొలువులోకి వెళ్లిపోయాయి. మొన్ననే సీసాని పైకి తెచ్చి, మడ్డి అడుక్కి దిగేదాకా నిలబెట్టి, ఇవాళ బిరడా పొడిపొడి అవకుండా లాగి, సీసా మెడ వెనక టార్చి లైటు పెట్టుకుని సన్నటి ధారగా వంచింది, మెడలోకి నల్లగా పొగలా మడ్డి రాగానే టక్కున ఆపింది, అడుగున రెండు గుక్కల మడ్డి మిగిలిన సీసాని పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటుంటే అప్పుడు తెలిసొచ్చింది ఏం చేసిందో. మళ్లీ సీసాలో పోసినా పోయిన ఊపిరి తిరిగిరాదు. మనసు ముప్పై నాలుగేళ్లు పగతో రగిలింది, చేతులకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అవి ఇంకా గోడ మీద రేకు చదువుకుంటూనే ఉన్నాయి. వాడు పాతికేళ్లు వీటికి నేర్పింది ఇదన్నమాట. ఛీ.

ఎండ కిటికీలోంచి జరిగి కూజా మీద పడింది. బల్లగుడ్డ మీద ఎర్రటి మచ్చ, అంచుల్లో ఇటుక రంగు. ఇది చేసిన ఏడు రంగు ఇలా ఉండేది కాదు, గోళ్ల సందుల్లోంచి నెలలపాటు వదలని ఊదా రంగు, పాదాలు, మోకాళ్లు, పంటి చిగుళ్లు కూడా ఊదా. యజమానులు ఫ్యాక్టరీ మూసేద్దామనుకున్న ఏడు అది. అధికారులంతా ఆఫీసు గదులకి తాళాలేసుకుని వెళ్లిపోయారు. గేటు బయట ద్రాక్ష లారీలు బారులు తీరి ఉన్నాయి, అడుగు పళ్లు చిట్లి రసం రోడ్డు మీదికి కారుతోంది, ఎక్కడ చూసినా ఈగలు. పండేం పాపం చేసింది, అన్నాడు అన్నయ్య. అన్నయ్య అప్పుడు తొట్ల మేస్త్రి, అందరూ ముక్కు అని పిలిచేవాళ్లు, ఇరవై తొట్లలో ఒకదాంట్లో ఈగ పడితే ఏ తొట్టో గుమ్మంలో నిలబడే చెప్పేవాడు. పండేం పాపం చేసింది, పదండి, అన్నాడు. గేటు బద్దలు కొట్టారని తర్వాత కాయితాల్లో రాశారు, అబద్ధం, ఎత్తి గోడకి ఆనించి పెట్టారు, అధికారులొస్తే మళ్లీ తగిలించుకుంటారులే అని. నలభై రోజులు ఎవడూ ఇంటికి పోలేదు. రుచి గదిలో గ్లాసులు కడగడం తప్ప తొట్టి ముట్టుకోనివ్వని ఆమె కూడా నిచ్చెనెక్కి తొక్కలని కిందికి అదిమింది, రాత్రీ పగలూ, తొట్లు గుర్రు పెట్టేవి, పక్కన పడుకుంటే పెద్ద జంతువేదో పొట్ట అరిగించుకుంటున్నట్టు వినిపించేది, అన్నయ్య చెవి ఆనించి వినేవాడు, నిద్రలేమితో కళ్లు చింతనిప్పులు. ఒకరోజు తెల్లారుజామున గరిటెడు ముంచి ఆమె నోటికి అందించి, నువ్వు చెప్పవే, నేను చెబితే సొంత డబ్బా అంటారు, అన్నాడు. ఆమె చెప్పలేకపోయింది. ఏడుపొచ్చింది. ఆ ఒక్క ఏటి వైను మీద ఏ అధికారి చెయ్యీ పడలేదు, అదీ అసలు సంగతి, వాళ్లు లేకుండా అంత మంచి సరుకు వచ్చింది, దాన్ని వాళ్లెలా బతకనిస్తారు. అధికారులు తిరిగొచ్చి ఏడాదిన్నర పీపాల్లో ఊరనిచ్చారు, సీసాలకి పట్టడం మొదలయ్యాక ఒకరోజు సంతకంతో కలిపి అయిదుగురు రుచి గదిలో కూర్చున్నారు, తలుపులు మూశారు, తలుపులు తీశారు, పులిసిపోయింది అని సంతకం రాసిన కాయితం గోడ మీద అంటించారు. కూలోళ్లు చేస్తే వైను అవుతుందా, వెనిగర్ అవుతుంది గాని, అన్నాడట పైగా. సరుకు పాడు చేశారని నలభై ఒక్కమందిని గెంటేశారు, ఆమెని వదిలేశారు, గ్లాసులు కడిగేదానికి వైను చెయ్యడం ఏం తెలుస్తుంది అని, ఆ అవమానం వేరే. తర్వాత పీపాలన్నీ మురిక్కాలవలోకి వంచారు. మూడు రోజులు కాలవ ఎర్రగా పారింది. కుక్కలు నాకి తూలాయి. ఒక్క కుక్కా మొహం చిట్లించలేదు.

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఐదున్నర దాటింది. వీధిలో ఎవరో బండి ఆపారు, ఆమె వెన్ను నిటారుగా లేచింది, పక్కింటాయన, ఆయన తాళాల గుత్తి చప్పుడు, కాదు వాడు కాదు. ముక్కు అన్నవాళ్లే ముక్కు అనడం మానేశారు ఆ తర్వాత. పనెవరూ ఇవ్వలేదు అన్నయ్యకి, చివరికి కార్లకి రంగు కొట్టే షెడ్డులో చేరాడు, మూతికి గుడ్డ కట్టుకుని పొద్దస్తమానం ఆ పొగ, ఆరేళ్లలో ముక్కు చచ్చిపోయింది. గ్యాసు వాసన తెలియదు, మాడిన అన్నం వాసన తెలియదు, వాన వాసన తెలియదు. కాలవలోకి వంచకముందు పద్దెనిమిది మంది తలా రెండు సీసాలు టిఫిను సంచుల్లో దాచి తెచ్చి, నేలమాళిగ ఉన్నది మీ ఇంట్లోనే కదా అని అన్నీ ఇక్కడే పెట్టారు, గెంటేసిన తారీఖున ఏటా వచ్చి ఒకటి తీసుకుని తాగేవాళ్లు, చూశావా పులవలేదు, చూశావా ఇంకా బాగైంది, అని వాణ్ణి తిట్టుకుంటూ, ఆ తిట్లే నంజుకుంటూ. వైను ఏడాదికేడాది బాగుపడింది, వచ్చేవాళ్లు ఏడాదికేడాది తగ్గారు. చివరికి ఇద్దరే, అన్నా చెల్లెలూ. ఆమె తాగి చెప్పేది, అతను తాగి వినేవాడు. పోయినేడు ఒకటి తీస్తే వెనిగర్. ఆమె మొహం ఎక్కడా కదలనివ్వకుండా మింగి బాగుందన్నయ్యా అంది, అతను గుక్క వేసి, నాలిక మీద ఉంచుకుని, ముక్కు పోయింది గాని నాలిక పోలేదే, పులుపు పులుపే, అన్నాడు. అంతే అన్నాడు. వెంటనే ఇంకోటి తీసింది, అది బతికే ఉంది, ఏదో కొన ఊపిరితో, కానీ ఆ రాత్రంతా ఆమెకి ఒకటే పీడ, కాలం కూడా వాడి పక్షానే చేరింది, ఇంకో ఏడాది ఆగితే నేలమాళిగే వాడికి సాక్ష్యం చెబుతుంది, వాడి అబద్ధం పడుకుని పడుకుని నిజమై లేస్తుంది.

అందుకేగా నంబరు కనుక్కుని ఫోను చేసింది. సార్, ఆ ఏటి సీసా ఒకటుంది, మీరొచ్చి రుచి చూడాలి. సార్. ఆమె నాలుక కూడా చేతుల్లాంటిదే. వాడు ఎవరు ఏమిటి అని అడగలేదు, తిట్టలేదు, ఇంకా ఉందా, అన్నాడు, ఎంత ఆశగా అన్నాడు, వాడి గొంతులో అలాంటిది ఆమె ఎప్పుడూ వినలేదు. వస్తానమ్మా, తప్పకుండా వస్తాను, ఆ ఫ్యాక్టరీలో అన్ని ఏళ్ల సరుకూ నా నోట్లో పడింది, ఆ ఒక్క ఏడే మిగిలిపోయింది. వాడు వస్తానన్న సంబరంలో ఆ మాట చెవిలో పడి ఊరుకుంది. ఎండ కూజాని వదిలి గ్లాసుల మీదికి వచ్చింది. శుభ్రంగా ఉన్నాయి, మెరుస్తున్నాయి, తుడిచింది ఆమే కదా. ఆ ఒక్క ఏడే మిగిలిపోయింది. ఏంటది? మిగిలిపోవడమేంటి? రాసింది వాడే కదా, రంగు పరవాలేదు, వాసన పులుపు, రుచి పులుపు, కింద సంతకం. ఆమె కుర్చీలో కదల్లేదు. వైను తాగిన గ్లాసు తాగినట్టు చెబుతుంది, పెదవి ఆనిన చోట మరక, ఆరినకొద్దీ అడుగున ఎర్రటి గీత, గోరువెచ్చని నీళ్లలో వేలితో తిప్పితే గాని పోదు, పాతికేళ్లు తిప్పిన వేలు ఇది. ఆ రోజు తలుపులు తీశాక పళ్లెంలో అయిదు గ్లాసులు బయటికొచ్చాయి. నలుగురి గ్లాసుల్లో గీత, అందులో ఒకదాంట్లో రెండు గీతలు, పోయించుకుని మళ్లీ తాగినట్టు, సిగ్గులేని జన్మలు, మళ్లీ పోయించుకుని తాగి నోరు మెదపలేదు. అయిదోది. బంగారు అంచు గ్లాసు, సంతకానికి తప్ప ఇంకెవరికీ పెట్టకూడని గ్లాసు. నీళ్లలో ముంచబోతూ వేలు పెట్టింది, తిప్పడానికి ఏమీ లేదు. పొడిగా ఉంది. పొద్దున ఆమె తుడిచి పెట్టిన గుడ్డ పీచు ఒకటి అడుగున ఇంకా అలాగే అతుక్కుని ఉంది. చూసింది. కళ్లారా చూసి, పద్ధతి ప్రకారం కడిగి బోర్లించింది, ఎందుకంటే కడగడమే ఆమె పని, అవతల ఆవరణలో అన్నయ్య మీద అరుస్తున్నారు, చెవులు అటు ఉన్నాయి, చేతులు మాత్రం ఇక్కడ కడుగుతున్నాయి.

వాడు తాగలేదు. తాగకుండానే రాశాడు. ముప్పై నాలుగేళ్లు వాడి నాలిక మొద్దుదనుకుంది, వాడి నాలిక మీద ఒక్క చుక్క వేస్తే వాడు దిద్దుకుంటాడనుకుంది, ఆ నాలిక కోసం ఏటికేడు దుమ్ము దులిపి, తేమ చూసి, ఎలకల్ని తోలి, కొన ఊపిరిదాకా దీన్ని కాపాడుకొచ్చింది, దొరగారు వస్తారు, నోట్లో పోసుకుంటారు, మంచిదో చెడ్డదో తేల్చి చెబుతారు, అని. అంటే పగ కూడా వాడి గుమ్మంలో చేతులు కట్టుకునే నిలబడిందన్నమాట. ఆమె లేచింది. కుర్చీ వెనక్కి పడ్డంత పనైంది. రెండు గ్లాసులు తిప్పి నిలబెట్టి నిండా పోసింది, కొలతలేదు, మూడు వేళ్లే పొయ్యాలన్న నియమం లేదు, ఒకటి ఎత్తి నిలువునా గుక్క వేసింది. ఉంది. ఇంకా ఉంది. మొదట ఏమీ లేనట్టు జారి, గొంతులోకి దిగాక అప్పుడు లేచింది, ఎండిన పండు, తడిసిన కట్టె, పాత పెట్టె మూత తీసినట్టు ఒక చల్లదనం, వెనకాల ఆ వగరు, ముసలిదై మెత్తబడి, అయినా పట్టు వదలని వగరు. తొట్లు గుర్రు పెట్టడం వినిపించింది. రెండు గ్లాసులూ కూజా పట్టుకుని ముందు గదిలోకి వెళ్లింది.

“వాడొచ్చాడా?”

“వాడి కోసం కాదు. పట్టుకో.”

అన్నయ్య గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు, వాసన లేని గాలి పీల్చుకుని, చెప్పవే, అన్నాడు. ఆమె చెప్పింది. పండు చెప్పింది, కట్టె చెప్పింది, పెట్టె చెప్పింది, తోలు కూడా ఉంది అంది.

“ఏం తోలు?”

“నీ పాత చెప్పులు వానలో తడిసినట్టు.”

“అయితే మంచి తోలే. ఆ చెప్పులు ఎనిమిదేళ్లు వచ్చాయి.”

ఇక తాగాడు. నాలిక మీద ఉంచుకున్నాడు. ఆమె అతని నోటికేసే చూస్తోంది, ఎందుకంటే అతనికి మిగిలింది అదొక్కటే, ఉప్పు, తీపి, చేదు, పులుపు, ముక్కు చచ్చినా నాలిక్కి తెలిసేవి అవే, అందులో వాళ్ల మీద పడ్డ నింద పులుపే, ప్రపంచంలో ఆ తీర్పు ఇవ్వడానికి ఇంతకంటే సరైన నోరు లేదు, ఇన్నాళ్లూ పక్క గదిలోనే ఉంది. మింగాడు.

“పుల్లగా లేదే,” అన్నాడు.

అతని కళ్లు తడిశాయి, దగ్గు వల్ల అని అతనే అన్నాడు. ఆమె గ్లాసు సంగతి చెప్పింది, అయిదోది, పొడిది, గుడ్డ పీచు. అన్నయ్య విని, ఇంకాస్త పొయ్యి, అన్నాడు. ఇద్దరూ తాగారు, తొందర లేకుండా, కానీ ఆపకుండా, మీదున్న ప్రాణం దిగిపోకముందే, కూజా అడుగు కనిపించేదాకా. ఆరుంబావుకి తలుపు చప్పుడైంది.

సంతకం ముసలాడయ్యాడు. గొడుగు, కళ్లజోడు, కోటు జేబులో చిన్న నోటు పుస్తకం, పెన్ను. బస్సు దొరకలేదమ్మా, అన్నాడు, ఎక్కడుంది, అన్నాడు, కూర్చోకముందే. ఆమె రండి అంది. సార్ అనలేదు, నాలిక ఈసారి మాట విన్నది. అన్నయ్య ఎదురుగా కుర్చీ వేసి, మూడో గ్లాసు తెచ్చి, తుడిచి, వాడి ముందు నిలబెట్టింది. వాడు ఖాళీ గ్లాసుకేసి చూశాడు, కూజాకేసి చూశాడు, వీళ్లిద్దరి పెదవులకేసి చూశాడు.

“అంతా తాగేశారా?”

“మీకు తాగాల్సిన పనేముంది,” అంది ఆమె. “ఆ రోజు తాగే రాశారా? రాయండి. నోటు పుస్తకం తెచ్చుకున్నారుగా.”

ఆ ఒక పక్క పెదవి కదలబోయి ఆగిపోయింది. వాడికి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు, అదే ఆమెకి కావలసిన సాక్ష్యం, ఎందుకంటే తాగినవాడైతే ఆ మాట అర్థం కాక ఎదురు ప్రశ్న వేసేవాడు.

“కాయితం పైనుంచి టైపు కొట్టించి పంపారమ్మా. నేను పెట్టకపోతే ఇంకొకడు పెట్టేవాడు.”

“పెట్టింది ఇంకొకడు కాదుగా,” అన్నాడు అన్నయ్య.

వాడి చూపు వంటింటి వైపు పోయింది. గట్టు మీద సీసా, అడుగున మడ్డి. గుటక వేశాడు. ముసలి మెడలో ఆ గుటక దిగడం స్పష్టంగా కనిపించింది. “సీసాలో ఏమైనా... ఒక్క గుక్క...”

“ముందు రాయండి. రుచి చూడకుండా పులిసిందని రాశాను అని. ఆ రోజు తారీఖు వెయ్యండి.”

పెన్ను మూత తీశాడు. తీస్తాడని ఆమె అనుకోలేదు. రాశాడు, ఆ చేతులకి కూడా పాత కొలువే, ఎవరైనా గట్టిగా చెబితే రాయడమే తెలుసు. ఆమె తన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లి సీసా అందుకుంది. వెనకనించి పెన్ను గీసే చప్పుడు, తర్వాత అన్నయ్య గొంతు, “సంతకం మర్చిపోయారు.” మళ్లీ పెన్ను గీత. అన్నయ్య పుస్తకంలోంచి ఆ కాయితం చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాక ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడి, వాడు చూస్తుండగా, మడ్డి మొత్తం తన గ్లాసులోకి వంపుకుని తాగింది, నల్లటి ఇసక పళ్ల కింద కరకరలాడింది, చేదు, వగరు, మంట, అన్నీ నమిలి మింగింది.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు వాడు. ఆ గొంతులో అధికారం లేదు. ఆకలి ఉంది.

ఆమె చెప్పలేదు.

గొడుగు తీసుకుని వాడు మెట్లు దిగి వెళ్లాక కుళాయి తిప్పి, వేడినీళ్లు కలిపి, గ్లాసులు ముంచింది. అన్నయ్య గ్లాసు అడుగున ఎర్రటి గీత, వేలితో తిప్పితే పోయింది. తన గ్లాసుకి రెండుసార్లు తిప్పాల్సొచ్చింది. మూడోది ముందు గదిలో బల్ల మీదే ఉంది, పెట్టింది పెట్టినట్టే. దాన్ని కడగలేదు.